ఇంటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ కొనాలా, విండోస్‌తో వచ్చింది సరిపోతుందా?

వానచుక్క:
అందరికీ నమస్కారం. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ల్యాప్‌టాప్, విండోస్ 11. నాకు ఆఫీసు పని, బ్యాంకు లావాదేవీలు. మా అబ్బాయికి గేమ్స్. మా నాన్నగారికి వార్తలు, పాత పాటల వీడియోలు. కొన్నప్పుడే అందులో ఒక యాంటీవైరస్ ట్రయల్ వేసి ఇచ్చారు, దాని గడువు అయిపోయింది. అప్పట్నుంచి కుడివైపు కింద మూలలో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యూ చెయ్యండి" అని ఎర్రగా ఒకటే పాప్ అప్‌లు. నాన్నగారైతే కంగారుపడి దాన్ని ముట్టుకోవడమే మానేశారు. దీన్నే రెన్యూ చెయ్యనా, వేరే కంపెనీది కొననా, ఫ్రీది ఏదైనా వేసుకోనా? బ్యాంకు పనులు కూడా ఇందులోనే కాబట్టి కాస్త టెన్షన్‌గా ఉంది.

రెండోట్యాబ్:
ఆలోచించడానికి ఏముందండీ, పేరున్న కంపెనీది ఒకటి కొనేయండి. నేను మొదట్నుంచీ డబ్బు కట్టే వాడుతున్నా, ఇంతవరకు ఏ గొడవా లేదు. ఊరికే వచ్చేది ఊరికే వచ్చినట్టే ఉంటుంది.

పాతకీబోర్డు:
వానచుక్క గారూ, ఇప్పటికి ఏ బటనూ నొక్కకండి. ముందు ఆ పాప్ అప్‌ని తీరిగ్గా చదవండి. ఎక్కడో ఒక అంచున చిన్న అక్షరాల్లో మీ బ్రౌజర్ పేరు, దాని పక్కన ఏదో వెబ్‌సైట్ అడ్రస్ ఉన్నాయా? ఉంటే అది మీ ట్రయల్ యాంటీవైరస్ పంపింది కాదు. ఇంకో గుర్తు కూడా చెబుతాను. ఇలాంటివి వైరస్‌ల లెక్క చెబుతాయి గానీ ఏ ఫైల్‌లో దొరికిందో, అది ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పవు.

వానచుక్క:
చూశాను. రెండు రకాలు వస్తున్నాయి. ఒకటి ట్రయల్‌దే, "సబ్‌స్క్రిప్షన్ ముగిసింది" అని మర్యాదగానే చెబుతోంది. ఐదు వైరస్‌లు అనేది మాత్రం మీరన్నట్టే. కింద చిన్నగా క్రోమ్ అని ఉంది, పక్కన అర్థంపర్థం లేని అక్షరాలతో ఒక అడ్రస్ ఉంది. కానీ పైన ఉన్న లోగో పేరున్న యాంటీవైరస్ కంపెనీదేనండీ!

పాతకీబోర్డు:
లోగోదేముంది, ఎవరైనా అతికించొచ్చు. ఏదో వీడియో సైట్‌లో "మీరు రోబో కాదని తేలాలంటే అలో నొక్కండి" అని అడిగి ఉంటుంది, ఇంట్లో ఎవరో నొక్కి ఉంటారు. ఆ ఒక్క నొక్కుడుతో ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే అనుమతి వచ్చేసింది. ఇక మీరు ఆ సైట్ మొహం చూడకపోయినా అది పంపుతూనే ఉంటుంది. దీన్ని వైరస్ అనలేం. అందుకే ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా ఇది ఆగుతుందని గ్యారంటీ లేదు. ఇచ్చిన అనుమతిని మనమే వెనక్కి తీసుకోవాలి.

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. "అలో" జాబితాలో మీరు ఎరగని అడ్రస్‌లు ఎన్ని ఉంటే అన్నీ తీసేయండి. పైన "ఏ సైటూ నోటిఫికేషన్ అడగకూడదు" అనే అర్థం వచ్చే ఆప్షన్ కూడా ఉంటుంది. నాన్నగారు వాడే ప్రొఫైల్‌లో అది పెట్టేస్తే మళ్లీ ఈ బాధ రాదు. ఆ పాప్ అప్ మీద ఎవరైనా క్లిక్ చేశారా, దాని వెనక ఏమైనా డౌన్‌లోడ్ అయిందా అనేది మాత్రం ఇంట్లో కనుక్కోండి.

వానచుక్క:
తీసేశాను. పదకొండు సైట్లు ఉన్నాయి ఆ జాబితాలో! పాప్ అప్‌లు ఆగిపోయాయి. నాన్నగారు ఒకసారి క్లిక్ చేశారట, ఏదో కార్డు నంబరు అడిగే పేజీ వస్తే మూసేశారట. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో కొత్తగా ఏమీ లేదు. సరే, ఈ గండం గడిచింది. అసలు ప్రశ్న అలాగే ఉంది కదా, ట్రయల్ పోయాక ఏం పెట్టుకోవాలి?

చిట్టిసర్వర్:
కంప్యూటర్లు బాగు చెయ్యడమే నా పని. "వైరస్ వచ్చింది" అంటూ నా దగ్గరికి వచ్చేవాటిలో చాలా భాగం ఈ నోటిఫికేషన్ల గోలే. మూడొంతుల కేసుల్లో యాంటీవైరస్‌కి పనే ఉండదు.

ఇక మీ ట్రయల్ సంగతి. గడువు తీరిన యాంటీవైరస్‌ని అలా వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉందని తెలిస్తే విండోస్ తనతో పాటే వచ్చే సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ని పక్కకి జరుపుతుంది. గడువు తీరాక చాలావరకు డిఫెండర్ తనంతట తనే మళ్లీ లేస్తుంది గానీ, కొన్ని మెషిన్లలో అటూ ఇటూ కాకుండా ఇరుక్కుంటుంది. కొత్త అప్‌డేట్లు అందని పాత కాపలాదారు గుమ్మంలో కూర్చుంటాడు, ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వడు. కాబట్టి సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి ట్రయల్‌ని పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేసి, స్టార్ట్ మెనూలో "విండోస్ సెక్యూరిటీ" అని వెతికి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ మీద ఆకుపచ్చ టిక్ ఉండాలి. లోపలికి వెళ్తే రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ మూడూ ఆన్‌లో ఉండాలి.

ఇంట్లో వాడకానికి ఇది చాలు. నా ఇంట్లోనూ ఇదే.

రెండోట్యాబ్:
రిపేర్లు చేసే మీరే ఇలా అంటే ఎలా మాస్టారూ? డిఫెండర్ దేనికీ పనికిరాదని అందరూ అనేవాళ్లే కదా. పరీక్షల్లో అట్టడుగున ఉండేది.

లెక్కలపిచ్చి:
"అనేవాళ్లే", "ఉండేది" అని మీరే అన్నారు, నిజమే, అది ఒకప్పటి మాట. దీని కథ కొంచెం చెబుతాను, నాకు ఇలాంటివి చదవడం సరదా.

మైక్రోసాఫ్ట్ 2004 చివర్లో జెయింట్ అనే చిన్న కంపెనీని కొని, దాని స్పైవేర్ (మనకి తెలియకుండా మన మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్) తొలగించే టూల్‌ని 2006లో విండోస్ డిఫెండర్ పేరుతో ఇచ్చింది. అప్పటికి అది అసలు యాంటీవైరసే కాదు, స్పైవేర్ వరకే చూసేది. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని విడిగా ఒకటి వచ్చింది. 2012లో విండోస్ 8తో రెండూ కలిసి పూర్తి స్థాయి యాంటీవైరస్ విండోస్‌లోనే భాగమైంది. తర్వాత కొన్నేళ్లు పరీక్షల్లో మార్కులు నిజంగానే అంతంతమాత్రం. మీరు విన్న మాటలు ఆ రోజులవి.

ఇప్పుడు జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఉన్న ఏవీ టెస్ట్, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో ఉన్న ఏవీ కంపారిటివ్స్ అనే సంస్థలు యాంటీవైరస్‌లకి క్రమం తప్పకుండా పరీక్షలు పెడతాయి. ఫలితాలు ఎవరైనా చూడొచ్చు. ఏవీ టెస్ట్ రక్షణకి 6, వేగానికి 6, వాడకానికి 6, మొత్తం 18 మార్కులు వేస్తుంది. వాడకం అంటే మంచి ఫైల్‌ని వైరస్ అని పొరబడకుండా ఉండటం. కొన్నేళ్లుగా డిఫెండర్ అక్కడ పై వరసలోనే కనిపిస్తోంది. వైరస్‌లని పట్టే శాతం 99 దాటాక వచ్చే దశాంశాలు చూసి ఒకదాన్ని కొనడం, ఇంకోదాన్ని తిట్టడం అనవసరం. వచ్చే పరీక్షలో ఆ దశాంశాలే తారుమారవుతాయి.

డిఫెండర్‌కి లోటు లేదని మాత్రం అనను. ఇంటర్నెట్ లేనప్పుడు దాని పట్టు తగ్గుతుంది. ఏవీ కంపారిటివ్స్ ఆఫ్‌లైన్ లెక్కలు విడిగా ఇస్తుంది, అందులో ఈ తేడా కనిపిస్తుంది. దాని తెలివిలో పెద్ద వాటా క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా అందే మైక్రోసాఫ్ట్ సర్వర్లలో, ఉండటమే కారణం. చిట్టిసర్వర్ గారు క్లౌడ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడమన్నది అందుకే. నెట్ లేని కంప్యూటర్లో ఊరంతా తిరిగిన పెన్‌డ్రైవ్‌లు పెట్టేవాళ్లకైతే నేను వేరే సలహా ఇస్తాను.

గాలిపటం:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ గేమ్ ఆడుతుంటే ఆ "యాంటీమాల్వేర్ సర్వీస్ ఎక్జిక్యూటబుల్" ప్రాసెసర్‌ని పిండేస్తుంది కదా గురూ. నేనైతే ఆపేస్తా.

చిట్టిసర్వర్:
ఆపకు తమ్ముడూ. అది డిఫెండర్ గుండెకాయ. ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్త రకం డిస్క్) ఉన్న మెషిన్లో అంత ఇబ్బంది ఉండకూడదు. పాత హార్డ్ డిస్క్ అయితే ఏ యాంటీవైరస్ వేసినా స్కాన్ చేసేటప్పుడు నత్తనడకే. టాస్క్ షెడ్యూలర్‌లో డిఫెండర్ స్కాన్‌ని నువ్వు ఆడని సమయానికి మార్చుకోవచ్చు. గేమ్ ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్‌లో, అంటే స్కాన్ చెయ్యొద్దనే జాబితాలో, పెట్టమని వీడియోల్లో చెబుతుంటారు. అది చేస్తే ఆ ఫోల్డర్‌లోకి ఏం దిగినా ఎవరూ చూడరు. మోడ్‌లు (గేమ్‌ని మార్చే అదనపు ఫైళ్లు) ఎక్కడెక్కడి నుంచో దింపుకునేవాళ్లు ఆ పని అస్సలు చెయ్యకూడదు.

గాలిపటం:
సరే అన్నా. ఒక డౌటు, డిఫెండర్‌తో పాటు ఇంకో ఫ్రీ యాంటీవైరస్ కూడా వేస్తే రెట్టింపు రక్షణ కదా?

పాతకీబోర్డు:
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకటి ఫైల్ తెరిచి చూస్తుంటే రెండోది "ఎవర్రా నువ్వు" అని దాన్ని ఆపుతుంది. మెషిన్ ఈడ్చుకుంటూ నడుస్తుంది, ఒక్కోసారి మొత్తం ఆగిపోయి నీలి తెరే గతి. యాంటీవైరస్ సిస్టమ్ లోలోతుల్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ కాబట్టి దాంట్లో చిన్న తప్పు దొర్లినా దెబ్బ గట్టిగా తగులుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయి. అది కంపెనీలకి అమ్మేదే, మన ఇళ్లలో ఉండదు, అయినా సంగతి అర్థమవుతుంది.

రెండో అభిప్రాయం కావాలంటే, పిలిచినప్పుడు మాత్రమే స్కాన్ చేసేది పెట్టుకో. మాల్వేర్‌బైట్స్ ఫ్రీ వెర్షన్ అలాంటిదే. ట్రయల్ రోజులు అయ్యాక అది వెనకాల నడవదు, మనం నొక్కితేనే వెతుకుతుంది. డిఫెండర్‌తో గొడవపడదు.

రెండోట్యాబ్:
అయితే డబ్బు కట్టేవాళ్లంతా అమాయకులంటారా?

లెక్కలపిచ్చి:
అలా ఎందుకంటాను. డబ్బు కట్టేది దేనికో తెలిసి కడితే మంచిదే. ఇంట్లో విండోస్, మ్యాక్, ఫోన్లు కలిపి చాలా ఉన్నాయి, అన్నీ ఒక్కచోట నుంచి చూసుకోవాలి, పిల్లల వాడకం మీద కన్నేసి ఉంచాలి, ఏదైనా అయితే ఫోన్ చేసి అడగడానికి మనిషి కావాలి అనుకునేవాళ్లకి ఇవన్నీ కలిపి అమ్మే సూట్లు పనికొస్తాయి. బిట్‌డిఫెండర్, ఈసెట్ లాంటివి ఏళ్లుగా పరీక్షల్లో నిలకడగా ఉన్నాయి. కానీ పెట్టె మీద రాసే "వీపీఎన్ ఉచితం", "పీసీ క్లీనర్ ఉచితం" చూసి కొనకండి. వీపీఎన్ మన నెట్ రాకపోకలని దాచుతుంది గానీ వైరస్‌ని ఆపదు. విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే రిజిస్ట్రీని క్లీన్ చేస్తే కంప్యూటర్ వేగం పెరగదు.

ఇంకో సంగతి. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవిరా అని నాలుగు పేర్లు చూసి నాలుగు కంపెనీలనుకుంటాం. ఇప్పుడు నాలుగూ జెన్ డిజిటల్ అనే ఒక్క కంపెనీవే. ఒకదాంతో విసిగి ఇంకోదానికి మారే ముందు ఇది గుర్తుంచుకుంటే నవ్వొస్తుంది.

అర్ధరాత్రిమౌస్:
ఫ్రీ యాంటీవైరస్‌లు మన డేటా అమ్ముకుంటాయంటారు, నిజమా, పుకారా?

లెక్కలపిచ్చి:
ఒక కేసు మాత్రం రికార్డుల్లో ఉంది. అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా వినియోగదారుల బ్రౌజింగ్ సమాచారం అమ్మిందని బయటపడి, 2020 జనవరిలో ఆ సంస్థని మూసేసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమంది, ప్రకటనల కోసం బ్రౌజింగ్ డేటా అమ్మకూడదని నిషేధం పెట్టింది. మనం ఏ సైట్ చూస్తున్నామో తెలియకుండా యాంటీవైరస్ దొంగ సైట్లని ఆపలేదు. కాబట్టి దాన్ని ఎంచుకునేటప్పుడు పరీక్ష మార్కులతో పాటు కంపెనీ నడవడి కూడా చూడాలి. ఏది వేసినా ఇన్‌స్టాల్ అవుతుండగా వచ్చే "డేటా షేరింగ్" టిక్‌లు తీసేయండి.

కాస్పర్‌స్కీ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. అది వైరస్‌లు పట్టడంలో గట్టిది. రష్యా కంపెనీ అన్న కారణంతో 2024 జూన్‌లో అమెరికా అక్కడ దాని అమ్మకం నిషేధించింది, సెప్టెంబర్ 29 తర్వాత అప్‌డేట్లూ ఆపించింది. మిగతా దేశాల్లో ఎవరి నిర్ణయం వాళ్లది.

అర్ధరాత్రిమౌస్:
థాంక్స్. ఇంకోటి. ఒక గేమ్ క్రాక్ (డబ్బు కట్టకుండా ఆడనిచ్చేది) వేస్తుంటే "ముందు యాంటీవైరస్ ఆపండి, ఇది తప్పుడు హెచ్చరిక" అని దాని రీడ్‌మీలో రాసుంది. క్రాక్‌లని ఊరికే వైరస్ అంటాయిట కదా?

చిట్టిసర్వర్:
ఆ రీడ్‌మీ రాసినవాడికి నీ యాంటీవైరస్ అడ్డం, అందుకే తియ్యమంటున్నాడు. కొన్ని క్రాక్‌ల మీద వచ్చే హెచ్చరిక నిజంగానే పొరపాటు కావచ్చు. కానీ ఏది పొరపాటో, ఏది నిజమో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను.

ఇప్పుడు వాటిల్లో ఎక్కువగా వచ్చేది ఇన్ఫోస్టీలర్ రకం. పాతకాలం వైరస్‌లా ఫైళ్లు చెరపదు, తెర మీద బొమ్మలు గీయదు. నిమిషాల్లో నీ బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, కుకీలు మూటగట్టి పంపేసి ఊరుకుంటుంది. ఆ కుకీలతో అవతలివాడు నీ మెయిల్‌లోకి పాస్‌వర్డ్ లేకుండా, ఓటీపీ కూడా లేకుండా వెళ్లిపోతాడు, ఎందుకంటే నువ్వు ముందే లాగిన్ అయ్యి ఉన్నావని ఆ కుకీయే చెబుతుంది. లమ్మా అనే స్టీలర్ ఒకటే 2025 మార్చి 16 నుంచి మే 16 లోపు 3,94,000 విండోస్ కంప్యూటర్లకి సోకిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఆ మేలోనే దాని సర్వర్లను పట్టుకున్నారు, కానీ ఆ వ్యాపారం మూతపడలేదు.

అది సోకిందని అనుమానం వస్తే ఆ కంప్యూటర్లోనే కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చకు, కొత్తవీ వాడికే పోతాయి. వేరే పరికరం నుంచి ముందు మెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చి, "అన్ని పరికరాల నుంచి లాగౌట్" నొక్కు. కుకీ చచ్చేది దానితోనే.

పాతకీబోర్డు:
దీనికి తమ్ముడిలాంటి మోసం ఒకటుంది, ఇంట్లో అందరికీ చూపించండి. ఒక పేజీ తెరుస్తాం, మామూలు "నేను రోబోని కాదు" పెట్టె వస్తుంది. టిక్ పెట్టగానే మూడు మెట్లు చెబుతుంది: విండోస్ కీతో పాటు ఆర్ నొక్కండి, కంట్రోల్‌తో వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. చూడ్డానికి కొత్త రకం క్యాప్చాలా ఉంటుంది. మనం టిక్ పెట్టినప్పుడే ఆ పేజీ ఒక కమాండ్‌ని క్లిప్‌బోర్డ్‌లోకి (కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా ఉండే చోటు) కాపీ చేసేసింది. విండోస్‌తో ఆర్ నొక్కితే రన్ పెట్టె తెరుచుకుంటుంది, కంట్రోల్ వితో ఆ కమాండ్ అందులో పడుతుంది, ఎంటర్‌తో నడుస్తుంది. ఆ పెట్టె ఇరుకు కాబట్టి కమాండ్ మొదటి భాగం కనిపించకుండా, చివర "వెరిఫికేషన్ నంబర్" లాంటి మాట మాత్రం కనపడేలా రాస్తారు. దీనికి క్లిక్‌ఫిక్స్ అని పేరు, 2024 నుంచి బాగా పెరిగింది.

ఏ నిజమైన క్యాప్చా రన్ పెట్టె తెరవమని అడగదు. మన చేత్తో మనమే నడిపిన కమాండ్‌ని యాంటీవైరస్ కొన్నిసార్లు పడుతుంది, అన్నిసార్లూ పట్టదు. కొనేదీ, ఊరికే వచ్చేదీ ఈ విషయంలో ఒకే తీరు.

వానచుక్క:
ఇది మా నాన్నగారికీ, అబ్బాయికీ ఇద్దరికీ చదివి వినిపించాను. ఇద్దరూ నా అకౌంట్‌లోనే కంప్యూటర్ వాడుతున్నారు. అది మార్చాలా?

చిట్టిసర్వర్:
తప్పకుండా. యాంటీవైరస్ ఏదన్నదాని మీద ఇంత చర్చ జరుగుతుంది గానీ, దీని గురించి ఎవరూ అడగరు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి ఇద్దరికీ విడి అకౌంట్లు పెట్టండి, రెండూ స్టాండర్డ్ యూజర్‌గానే ఉంచండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. సిస్టమ్‌ని మార్చే ప్రతిదానికీ పాస్‌వర్డ్ అడుగుతుంది, అబ్బాయి మిమ్మల్ని పిలవక తప్పదు. వాళ్ల అకౌంట్‌లో ఏదైనా దూరినా, సాధారణంగా మీ ఫోల్డర్ల జోలికి రాలేదు. మీ బ్యాంకు పాస్‌వర్డ్‌లు వాళ్ల బ్రౌజర్‌లో ఉండవు కాబట్టి పోయేదీ తక్కువే.

ఇంకో చిన్న పని. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చెయ్యండి. 2000 మేలో ప్రపంచాన్ని ఊపేసిన ఐలవ్యూ వైరస్ ఫైల్ పేరు చివర టీఎక్స్‌టీ (మామూలు రాత ఫైల్) అని ఉండేది, దాని తర్వాత అసలు చివర వీబీఎస్ (నడిచే స్క్రిప్ట్). విండోస్ ఆ అసలు చివరని దాచేయడంతో జనం ఉత్తరమే అనుకుని తెరిచారు. ఇప్పటికీ ఆ పాచిక పారుతూనే ఉంది, బిల్లు అని పంపే పీడీఎఫ్ పేరు వెనక ఈఎక్స్‌ఈ, అంటే నడిచే ప్రోగ్రామ్, దాక్కుంటుంది.

గాలిపటం:
ఫైల్ మీద డౌట్ వస్తే నేను వైరస్‌టోటల్ సైట్‌లో వేస్తా.

లెక్కలపిచ్చి:
మంచి అలవాటే. డెబ్బైకి పైగా యాంటీవైరస్ ఇంజిన్లు ఆ ఫైల్‌ని ఒకేసారి చూస్తాయి. ఒకటి రెండు చిన్న ఇంజిన్లు ఎర్రగా చూపిస్తే హడలిపోనక్కర్లేదు, పెద్దవన్నీ కలిసి అంటే మాత్రం డిలీట్ చెయ్యి. కానీ అక్కడ వేసిన ఫైల్ సెక్యూరిటీ కంపెనీలకీ అందుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు స్కాన్‌లు అక్కడ వెయ్యకు.

అర్ధరాత్రిమౌస్:
ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్‌కి డిఫెండర్ చాలుతుందా? నా భయమల్లా పెళ్లి ఫొటోలు పోతాయని.

పాతకీబోర్డు:
డిఫెండర్‌లో దానికి విడిగా ఒక తాళం ఉంది, కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అంటారు. రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అనే చోట ఉంటుంది, మామూలుగా ఆఫ్‌లో ఇస్తారు. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో నమ్మకం లేని ప్రోగ్రాములు రాయలేవు. కొన్నాళ్లు విసిగిస్తుంది, గేమ్ సేవ్ అవ్వడం లేదని అబ్బాయి గోల చేస్తాడు. ఆ గేమ్‌ని అనుమతించిన జాబితాలో చేర్చాలి.

కానీ పెళ్లి ఫొటోలకి నేను ఏ సాఫ్ట్‌వేర్‌నీ నమ్మను. బయటి హార్డ్ డిస్క్ ఒకటి పెట్టుకుని, కాపీ అవగానే వైరు పీకేసి బీరువాలో పెట్టండి. తగిలించి ఉంచిన డిస్క్‌నీ రాన్సమ్‌వేర్ లాక్ చేస్తుంది. ఆ డిస్క్ కూడా పాడవచ్చు కాబట్టి ముఖ్యమైనవి క్లౌడ్‌లో ఇంకో కాపీ.

అప్‌డేట్లు కూడా వాయిదా వెయ్యకండి. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది మే 12న. అది దూరిన కంతని పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది. దాదాపు రెండు నెలలు "తర్వాత గుర్తుచెయ్యి" నొక్కినవాళ్లలో చాలామంది దొరికిపోయారు.

మిణుగురు:
మధ్యలో వస్తున్నా, క్షమించండి. నాది విండోస్ 10, విండోస్ 11కి ఒప్పుకోవట్లేదు. మంచి యాంటీవైరస్ కొని ఇలాగే నెట్టుకురావచ్చా?

లెక్కలపిచ్చి:
విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరినవాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు అందుతాయి. ఇళ్లలో వాడేవాళ్లకి ఈ పథకం ప్రకటించినప్పుడు పెట్టిన గడువు 2026 అక్టోబర్ 13. డిఫెండర్ వైరస్ గుర్తుల జాబితా మాత్రం విండోస్ 10కి 2028 అక్టోబర్ వరకు ఇస్తామన్నారు. అది విని చాలామంది "అయితే అప్పటిదాకా ఢోకా లేదు" అనుకుంటున్నారు. వైరస్ గుర్తులు వేరు, విండోస్ కంతలు పూడ్చడం వేరు. వన్నాక్రై లాంటిది తలుపు కొట్టకుండా కంతలోంచే వస్తుంది. యాంటీవైరస్ కొన్నంత మాత్రాన ఆ కంత పూడదు. ముందు ఆ పథకంలో చేరండి. తర్వాత కొత్త మెషినో, పాతదాని మీద విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లైనక్సో తీరిగ్గా చూసుకోవచ్చు. వార్తలు, వీడియోలు, మెయిల్ వరకే అయితే లైనక్స్ హాయిగా నడుస్తుంది.

మిణుగురు:
పథకంలో చేరిపోతాను. థాంక్సండీ.

వానచుక్క:
ట్రయల్ తీసేసి రీస్టార్ట్ చేశాను. రెండు అకౌంట్లూ పెట్టాను. డిఫెండర్ ఆకుపచ్చగానే ఉంది. కానీ అది నిజంగా పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? వైరస్ తెచ్చి చూడలేం కదా!

పాతకీబోర్డు:
చూడొచ్చు! ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఉంటుంది, 68 అక్షరాల చిన్న ముక్క. ఎవరికీ ఏ హానీ చెయ్యదు. దీన్ని చూస్తే వైరస్‌ని చూసినట్టే అరవాలని యాంటీవైరస్ కంపెనీలన్నీ ఒప్పుకున్నాయి. ఐకార్ సంస్థ సైట్ నుంచే దింపండి. దింపగానే డిఫెండర్ పట్టేసి, ప్రొటెక్షన్ హిస్టరీలో ఏ ఫైల్, ఏ ఫోల్డర్ అని రాసి చూపించాలి. కొన్నిసార్లు బ్రౌజరే ముందు ఆపేస్తుంది, అదీ మంచిదే.

నాన్నగారు ఆ కార్డు నంబరు అడిగే పేజీ దాకా వెళ్లారన్నారు కాబట్టి, స్కాన్ ఆప్షన్స్‌లో ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ కూడా ఒకసారి నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. సుమారు పావుగంట పడుతుంది, తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. ఇంకా, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ లోపల "అవాంఛిత యాప్‌లు ఆపు" అనేది ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో పాటు చెప్పకుండా వచ్చే టూల్‌బార్లని అదే ఆపుతుంది.

వానచుక్క:
ఐకార్ ఫైల్ దిగీ దిగకముందే పట్టేసింది. ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఏమీ లేదు. నాన్నగారు మళ్లీ పాటలు పెట్టుకున్నారు.

రెండోట్యాబ్:
ఇంతా చదివాక నాది తీసెయ్యాలనిపిస్తోంది గానీ, మా ఇంట్లో ఫోన్లు, మ్యాక్ అన్నీ దాని కిందే ఉన్నాయి, గడువు అయ్యేదాకా ఉంచుతా. ఆ తర్వాత తీసేస్తే డబ్బులు కట్ అవ్వడం ఆగిపోతుంది కదా?

చిట్టిసర్వర్:
ఆగదండీ, చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్ అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు, కార్డు నుంచి ఏటా పోతూనే ఉంటుంది. ఆ కంపెనీ సైట్‌లో మీ అకౌంట్‌లోకి లాగిన్ అయ్యి ఆటో రెన్యువల్ ఇప్పుడే ఆఫ్ చెయ్యండి, ఆఫ్ చేసినా గడువు వరకు మామూలుగా నడుస్తుంది. రద్దయినట్టు మెయిల్ వస్తే దాచుకోండి. "మీ రెన్యువల్ డబ్బు కట్ అయింది, వద్దనుకుంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని వేరే మెయిల్ వస్తే మాత్రం ఆ నంబరుకి చెయ్యకండి, అది యాంటీవైరస్ కంపెనీల పేరు మీద తిరిగే దొంగ మెయిల్. అనుమానం ఉంటే కార్డు స్టేట్‌మెంట్ చూసుకోండి. చివరికి తీసేసేటప్పుడు మామూలు అన్‌ఇన్‌స్టాల్ తర్వాత ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ కూడా నడిపి రీస్టార్ట్ చేస్తే, డిఫెండర్ దానంతట అదే లేస్తుంది. మ్యాక్‌లో యాపిల్ పెట్టిన ఎక్స్‌ప్రొటెక్ట్, గేట్‌కీపర్ అనే సొంత రక్షణలు ఎటూ ఉంటాయి. అప్‌డేట్లు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకుంటే సరిపోతుంది.